సార్డీనియా దోమలు, బర్మింగ్‌హామ్ లెక్కలు

1990ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో డాక్టర్లు కొందరు లూపస్ రోగుల లెక్క తీశారు. తెల్లవారిలో లక్షకు సుమారు 21 మంది తేలారు. భారత ఉపఖండం నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల్లో దాదాపు 47 మంది. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఆఫ్రికా సంతతివారిలో ఏకంగా 112 మంది. ఊరు ఒకటే, ఆస్పత్రులు అవే, వాన అదే, చలి అదే. జబ్బు మాత్రం ఒక వీధిలో ఒకలా, పక్క వీధిలో ఇంకొకలా ఉంది.

ఇంచుమించు అదే కాలంలో ఢిల్లీ దగ్గరి పల్లెల్లోనూ ఇలాంటి వెతుకులాటే జరిగింది. 90 వేల పైచిలుకు జనంలో గాలిస్తే లక్షకు ముగ్గురు చొప్పున దొరికారు. 1993లో అచ్చయిన ఆ లెక్కను ఇప్పటికీ భారతదేశపు లూపస్ లెక్కగా వైద్య వ్యాసాలు చెప్పుకుంటూ వస్తున్నాయి.

ఒకే ఉపఖండపు మనుషులు. ఇక్కడ ముగ్గురు, అక్కడ 47 మంది. విమానం ఎక్కగానే జన్యువులు మారిపోవు కదా! ఇందులో కొంత తేడా పల్లెల్లో జబ్బును గుర్తించలేకపోవడం వల్ల వచ్చిందే. నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు, జుట్టు రాలడం, నీరసం అంటే మన దగ్గర ముందు టైఫాయిడ్ అంటారు, తర్వాత టీబీ మందులు మొదలుపెడతారు, ఆ తర్వాత వాతం అంటారు. లూపస్ అనే పేరు బయటికొచ్చేసరికి కిడ్నీలు దెబ్బతిని ఉంటాయి, లేదా మనిషే ఉండదు. ‘మనిషే ఉండదు’ అని రాయడానికి కారణం ఉంది. ఈ జబ్బు వచ్చే ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఆడవాళ్లే. వాళ్లలోనూ ఎక్కువమంది పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు.

అయితే గుర్తింపు లోపం ఒక్కటే అన్ని తేడాలనూ వివరించలేదు. అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం నడిపిన రిజిస్ట్రీల లెక్కలు 2021లో వచ్చాయి. తెల్లజాతి స్త్రీలలో లక్షకు 85 మంది దాకా ఉంటే నల్లజాతి స్త్రీలలో 230, అమెరికా ఆదివాసీ స్త్రీలలో 270 దాకా ఉన్నారు. వైద్యం తక్కువగా అందే జనంలోనే జబ్బు ఎక్కువగా కనబడుతోంది. గుర్తించకపోవడమే కారణమైతే లెక్క దీనికి తలకిందులుగా ఉండాలి. కాబట్టి ఒంట్లోకి, జన్యువుల్లోకి తొంగి చూడక తప్పదు.

ముందు జబ్బు సంగతి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మాల్కమ్ హార్‌గ్రేవ్స్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఎముక మజ్జ నమూనాల్లో ఒక వింత కణం కనబడుతోందని ప్రకటించారు. అదొక తెల్ల రక్తకణం. దాని సొంత కేంద్రకం ఒక మూలకు నెట్టుకుపోయి గోడకు అతుక్కుని ఉంది. కణం మధ్యలో నున్నగా, గుండ్రంగా, ఊదారంగులో ఒక ముద్ద ఉంది. ఆ ముద్ద ఇంకో కణపు కేంద్రకం. చచ్చిపోయిన కణం లోపలి డీఎన్‌ఏ సరుకునంతా ఈ తెల్లకణం మింగేసింది. మింగమని దానికి సూచన ఇచ్చింది రోగి ఒంట్లోనే తయారైన యాంటీబాడీలు. బయటి క్రిముల మీద వేయాల్సిన గుర్తును సొంత కేంద్రకాల మీద వేశాయి. ఈ రోజు లూపస్ అనుమానం రాగానే రాసే ఏఎన్‌ఏ పరీక్ష వెతికేది అలాంటి యాంటీబాడీల కోసమే.

రోజూ మన ఒంట్లో కోట్ల కణాలు చస్తుంటాయి. ఆ చెత్తను ఎప్పటికప్పుడు ఎత్తి పారేయాలి. ఎత్తకపోతే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు బయటపడి వైరస్ చొరబడిందన్న భ్రమ కలిగిస్తాయి. రోగనిరోధక వ్యవస్థ ఉలిక్కిపడి ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనాన్ని వదులుతుంది. బీ కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఆ యాంటీబాడీలు డీఎన్‌ఏ ముక్కలకు అతుక్కుని, ఆ గుత్తులు కిడ్నీల్లో రక్తాన్ని వడపోసే చోట, కీళ్లలో, చర్మంలో పేరుకుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది. చెత్త ఎత్తడం, వైరస్‌ను పసిగట్టడం, బీ కణాలకు కళ్లెం వేయడం అనే మూడు పనుల్లో ఏ ఒక్కటి కొంచెం అటూఇటూ అయినా జబ్బుకు దారి పడుతుంది. ఇంతవరకూ బయటపడ్డ లూపస్ జన్యువుల్లో చాలా భాగం ఈ మూడు పనుల్లో ఏదో ఒకదానికి చెందినవే.

ఇక్కడ చర్మం సంగతి ఒకటి చెప్పాలి. ముక్కుకు రెండు పక్కలా చెంపల మీద సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రటి మచ్చ అని పుస్తకాల్లో రాస్తారు. ఆ బొమ్మలు చాలావరకు తెల్లతోలువారివి. చామనఛాయ ముఖం మీద ఆ ఎరుపు ఎరుపులా కనబడదు. నల్లగా కమిలినట్టో, మంగు మచ్చలా ముదురు గోధుమరంగులోనో ఉంటుంది. మంగు అనుకుని క్రీములు రాసుకుంటూ నెలలు గడిపేవాళ్లు ఉంటారు.

జన్యువుల పాత్ర ఎంతో తెలుసుకోవడానికి పాత పద్ధతి కవలల్ని చూడటం. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి లూపస్ ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం దాదాపు నాలుగింట ఒక వంతని 1992లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన చెప్పింది. వేరు వేరు అండాల కవలల్లో అది 2 శాతమే. తైవాన్‌లో జాతీయ ఆరోగ్య బీమా రికార్డుల్లో రెండు కోట్ల ముప్ఫై లక్షల మంది వివరాలున్నాయి. వాటిని తిరగేసిన పరిశోధకులు 2015లో తేల్చిందేమిటంటే, తోబుట్టువుల్లో ఒకరికి జబ్బుంటే మిగతావారికి ముప్పు మామూలు జనంతో పోలిస్తే 24 రెట్లు, మొత్తం మీద జబ్బు రావడంలో వారసత్వం వాటా సుమారు 44 శాతం. 24 రెట్లు అనగానే గుండె జారిపోనక్కర్లేదు. అసలు ముప్పే లక్షకు పదుల లెక్క కాబట్టి, అక్కకు లూపస్ ఉన్న చెల్లెళ్లలో అత్యధికులకు అది జన్మలో రాదు. ఒకే డీఎన్‌ఏ పంచుకున్న కవలల్లోనే నలుగురిలో ముగ్గురు తప్పించుకుంటున్నారంటే జన్యువులు తలుపు తీసి ఉంచుతాయి గానీ లోపలికి లాక్కురావన్నమాట. ఎండ, ఇన్ఫెక్షన్లు, హార్మోన్లు, కొన్ని మందులు మిగతా పని చేస్తాయి.

2008 నాటికి మొత్తం జన్యురాశిని లక్షల చోట్ల ఒకేసారి పరీక్షించే చిప్పులు వచ్చాయి. రోగుల డీఎన్‌ఏనూ ఆరోగ్యవంతుల డీఎన్‌ఏనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా ఉందో చూస్తారు. దీన్నే పరిశోధకులు జీవాస్ అంటారు. ఆ ఏడాది లూపస్ మీద వచ్చిన మొదటి జీవాస్ పత్రాలన్నీ యూరప్ సంతతివారి మీదే. ఐఆర్‌ఎఫ్5, స్టాట్4, ఐటీగ్యామ్, బీఎల్‌కే లాంటి పేర్లు ఒక్కసారిగా ముందుకొచ్చాయి. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలోనే చైనా, హాంకాంగ్ బృందాలు తమవారి మీద అదే పని చేశాయి. ఐఆర్‌ఎఫ్5, స్టాట్4 అక్కడా దొరికాయి. ఈటీఎస్1 లాంటి కొత్తవి కలిశాయి. ఐటీగ్యామ్ మాత్రం తూర్పు ఆసియాలో దాదాపు మాయమైంది.

ఆ మాయమవడం ఎలాంటిదో చూడండి. ఐటీగ్యామ్ అనేది తెల్లకణాల ఉపరితలం మీది ఒక ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువు. చెత్తను పట్టుకోవడంలో ఆ ప్రొటీన్‌కు పాత్ర ఉంది. అందులో 77వ స్థానంలో ఆర్జినిన్ బదులు హిస్టిడిన్ ఉంటే లూపస్ ముప్పు పెరుగుతుంది. యూరప్, ఆఫ్రికా సంతతుల్లో ఈ మార్పు తగుపాటిగా ఉంది. జపాన్, కొరియా వారిలో ఇంచుమించు లేనే లేదు. అంటే అక్కడ జన్యువు పనిచేయడం లేదని కాదు, అందరి దగ్గరా ఒకే రూపం ఉంది కాబట్టి తేడా చూపడానికి ఏమీ లేదని. పీటీపీఎన్22 జన్యువులోని ఒక మార్పుదీ ఇదే కథ. ఉత్తర యూరప్‌లో పదింట ఒక వంతు క్రోమోజోముల్లో దొరుకుతుంది, తూర్పు ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ వెతికినా దొరకడం కష్టం.

ఇన్నేళ్ల పరిశోధనల సారం అడిగితే నేను చెప్పేది ఒకటే. నల్లవారి లూపస్ జన్యువు, చైనావారి లూపస్ జన్యువు అని విడివిడిగా ఏమీ లేవు. ముప్పు తెచ్చే చోట్లలో ఎక్కువ భాగం అందరికీ ఉమ్మడివే. ఏ చోట ఏ రూపం ఎంతమందిలో ఉందన్నదే మారుతుంది. యూరప్, చైనా సమాచారాన్ని కలిపి 2016లో వచ్చిన విశ్లేషణ ఈ విషయాన్ని లెక్కగట్టి చూపింది. ముప్పు పెంచే రూపాలు సగటున చైనావారిలో ఎక్కువగా పోగుపడ్డాయి, అక్కడ జబ్బు ఎక్కువ కావడానికి అదొక కారణమని. 2017లో ఇంకో బృందం 27,574 మందిని పరీక్షించింది. ముప్పు రూపాలు ఒక్కొక్కటీ చేరుతున్నకొద్దీ ప్రమాదం తిన్నగా పెరగదనీ, కొంత దాటాక పరుగందుకుంటుందనీ గమనించింది. ఒక జనంలో సగటు భారం కొంచెం పెరిగినా, ఆ చివరి అంచున ఉన్నవారి సంఖ్య అందుకే బాగా పెరుగుతుంది.

ఆ 2017 పత్రంలోనే ఇంకో వివరం ఉంది. హెచ్‌ఎల్‌ఏ అనే ప్రాంతాన్ని (దాని సంగతి కాసేపట్లో) పక్కనపెడితే యూరప్ సంతతిలో 58 చోట్లు, అమెరికా ఆదివాసీ మూలాలున్న హిస్పానిక్ సంతతిలో 16, ఆఫ్రికా సంతతిలో 9 దొరికాయి. ఆఫ్రికా సంతతిలో లూపస్ జన్యువులు తక్కువని దీన్నిబట్టి అనుకుంటే బోల్తా పడతాం. పరీక్షించిన యూరప్ సంతతివారు 18 వేల పైన, ఆఫ్రికా సంతతివారు అయిదున్నర వేల లోపు, హిస్పానిక్ సంతతివారు నాలుగు వేల లోపు. ఎక్కువమందిని చూసినచోట ఎక్కువ దొరుకుతాయి. 2021లో తూర్పు ఆసియాలో 2,08,370 మందిని కలిపి చూస్తే 113 చోట్లు బయటపడ్డాయి.

మరి వేరే జనాలను చూడటం వల్ల సంఖ్య పెరగడమేనా లాభం? కాదు. సీ4 జన్యువు కథ ఈ మొత్తం రంగంలో నాకు అన్నింటికన్నా నచ్చినది.

ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రాంతం ఉంది. రోగనిరోధక జన్యువులు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. డీఆర్3 అనే హెచ్‌ఎల్‌ఏ రకం ఉన్నవారికి లూపస్ ముప్పు ఎక్కువని 1970ల నుంచీ తెలుస్తూ వచ్చింది, యూరప్ సంతతిలో. నేరం డీఆర్3దేనని దశాబ్దాలపాటు చాలామంది నమ్మారు. చిక్కేమిటంటే ఆ పక్కనే సీ4 అనే జన్యువుంది. చచ్చిన కణాల చెత్త మీద ‘దీన్ని ఎత్తేయండి’ అని గుర్తు వేసే ప్రొటీన్ దాని నుంచే తయారవుతుంది. ఈ జన్యువు ప్రతులు ఒక్కొక్కరిలో ఒక్కో సంఖ్యలో ఉంటాయి, అందులోనూ సీ4ఏ, సీ4బీ అని రెండు రకాలు. యూరప్‌వారిలో డీఆర్3 ఉన్న క్రోమోజోమ్ ముక్కలో సాధారణంగా సీ4ఏ ఉండదు. డీఆర్3 వచ్చిందంటే సీ4ఏ పోయినట్టే. రెండూ ఎప్పుడూ జంటగా తిరుగుతుంటే దోషి ఎవరో ఎలా తేలుతుంది?

క్రోమోజోములు తరం తరానికీ పేకముక్కల్లా కలుస్తాయి. ఎన్ని తరాలు కలిస్తే పక్కపక్క ముక్కలు అంతగా విడిపోతాయి. ఆఫ్రికా జనాలు అన్నింటికన్నా ప్రాచీనమైనవి, మిగతావాటంతగా చిన్న గుంపులుగా కుంచించుకుపోనివి. అందుకే వారి జన్యురాశిలో ఈ జంటలు చాలావరకు విడిపోయాయి. 2020లో అమెరికాలోని స్టీవెన్ మెకారోల్ బృందం ఆఫ్రికన్ అమెరికన్ రోగుల నమూనాలను పరీక్షించింది. వారిలో డీఆర్3కూ సీ4ఏ లేమికీ యూరప్‌లో ఉన్నంత ముడి లేదు. ముడి వీడగానే సీ4 పాత్ర స్పష్టంగా బయటికొచ్చింది. సీ4 ప్రతులు, ముఖ్యంగా సీ4ఏ, ఎంత ఎక్కువుంటే లూపస్ నుంచి అంత రక్షణ. జనంలో మామూలుగా కనబడే సీ4 రకాల మధ్యే ముప్పులో ఏడు రెట్ల తేడా ఉంది. అదే సీ4 ఎక్కువైతే స్కిజోఫ్రీనియా ముప్పు పెరుగుతుందని అదే బృందం అంతకుముందు చూపింది! మెదడు సంగతి అటుంచితే, లూపస్‌లో ఈ రక్షణ ఆడవారికన్నా మగవారిలో బలంగా ఉందని కూడా తేలింది. 20 నుంచి 50 ఏళ్ల వయసులో మగవారి రక్తంలో సీ4 ప్రొటీన్ ఎక్కువ. లూపస్ ఆడవారిని వేధించే వయసు సరిగ్గా అదే.

ఆడవారి సంగతి వచ్చింది కాబట్టి రెండు మాటలు. ఎక్స్‌ఎక్స్‌వై క్రోమోజోములతో పుట్టిన మగవారికి లూపస్ ముప్పు ఆడవారి స్థాయిలో ఉంటుంది, మామూలు మగవారికన్నా సుమారు 14 రెట్లు. కాబట్టి హార్మోన్లతో పాటు రెండో ఎక్స్ పాత్ర కూడా ఉంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే టీఎల్‌ఆర్7 జన్యువు ఎక్స్ మీదే ఉంది. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల స్పెయిన్‌లో ఒక చిన్నపిల్లకు తీవ్రమైన లూపస్ వచ్చిందని 2022లో రుజువైంది. ఈ భాగం ఏ జాతిలోనైనా ఒకటే, కాబట్టి మన కథలోకి తిరిగి వద్దాం.

తూర్పు ఆసియా నుంచి వచ్చిన బహుమానం ఎన్‌సీఎఫ్1. చైనావారిలో ఏడో క్రోమోజోమ్ మీద ఒకచోట గట్టి సంకేతం కనబడింది. మొదట అక్కడున్న జీటీఎఫ్2ఐ అనే జన్యువును అనుమానించారు. 2017లో తేలిన అసలు దోషి పక్కనున్న ఎన్‌సీఎఫ్1. తెల్లకణాలు క్రిముల మీద చల్లే ఘాటైన ఆక్సిజన్ రసాయనాల తయారీకి అది అవసరం. దానిలో 90వ స్థానంలో ఆర్జినిన్ బదులు హిస్టిడిన్ వస్తే ఆ తయారీ తగ్గిపోతుంది, లూపస్ ముప్పు తూర్పు ఆసియాలో మూడు రెట్లు దాటుతుంది. ఇంత బలమైన మార్పు అప్పటిదాకా ఎందుకు దొరకలేదు? ఎన్‌సీఎఫ్1కు అటూఇటూ అచ్చం దానిలాగే ఉండే రెండు పనికిరాని నకళ్లున్నాయి. ఏది అసలో ఏది నకలో చిప్పులకు తెలియక ఆ చోటును వదిలేస్తూ వచ్చాయి. తీరా వెతికితే ఈ మార్పు యూరప్, ఆఫ్రికా సంతతుల్లోనూ కాస్త తక్కువగా ఉంది, అక్కడా ముప్పు తెస్తోంది.

ఇక అసలు ప్రశ్న. ఇంత హాని చేసే రూపాలు మానవ జనాల్లో ఇంతగా ఎందుకు నిలిచాయి? ప్రకృతి వాటిని ఎప్పుడో ఏరి పారేయాలి కదా?

నైజీరియాలోని ఇబడాన్‌లో పనిచేసిన బ్రయన్ గ్రీన్‌వుడ్ అనే బ్రిటిష్ డాక్టరు 1968లో ఒక ఆలోచన బయటపెట్టాడు. అక్కడి ఆస్పత్రిలో ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే లూపస్‌లా రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడేవి, చాలా అరుదు, మలేరియా మాత్రం ఇంటింటా ఉంది. ఈ రెంటికీ సంబంధం ఉందా? లూపస్ లాంటి జబ్బు దానంతటదే వచ్చే ఒక ఎలుకల జాతికి ఎలుకల మలేరియా ఎక్కించి చూశారు. 1970లో ఫలితం అచ్చయింది: మలేరియా సోకిన ఎలుకల్లో ఆ జబ్బు అణిగిపోయింది.

జన్యు స్థాయిలో సాక్ష్యం రావడానికి 40 ఏళ్లు పట్టింది. ఎఫ్‌సీజీఆర్2బీ అనే జన్యువు బీ కణాలకు కళ్లెం లాంటి ప్రొటీన్‌ను ఇస్తుంది. అందులో 232వ స్థానంలో ఒక మార్పు వస్తే ఆ కళ్లెం వదులవుతుంది. ఆఫ్రికా, ఆగ్నేయాసియా జనాల్లో ఈ మార్పు యూరప్‌లో కన్నా ఎక్కువ. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అలాంటివే వచ్చిన కెన్యా పిల్లలకు తీవ్రమైన మలేరియా తక్కువగా వస్తోందని 2010లో తేలింది. అదే జంట ప్రతులున్నవారికి లూపస్ ముప్పు ఎక్కువని కూడా అదే పత్రం చూపింది. పసితనంలో ప్రాణం నిలిపినదే పాతికేళ్లకు కిడ్నీల మీదికి తిరుగుతోంది.

ఇంతకన్నా చక్కటి ఉదాహరణ మధ్యధరా సముద్రంలోని సార్డీనియా దీవిలో దొరికింది. ఫ్రాంచెస్కో కూకా బృందం 2017లో ప్రకటించింది. బ్యాఫ్ అనే ప్రొటీన్ ఉంది. బీ కణాలు చావకుండా బతికి ఉండమని చెప్పే కబురు అది. ఆ జన్యువు తోక భాగంలో కొన్ని అక్షరాలు ఎగిరిపోయాయి. దాంతో జన్యువు నుంచి వెలువడే ఆర్‌ఎన్‌ఏ పొట్టిదైంది. పొడవాటి ఆర్‌ఎన్‌ఏ తోకకు మామూలుగా ఒక చిన్న మైక్రో ఆర్‌ఎన్‌ఏ అతుక్కుని ఉత్పత్తిని అదుపులో పెడుతుంది. తోకే లేకపోతే అది ఎక్కడ అతుక్కుంటుంది? అదుపు తప్పి బ్యాఫ్ పెరుగుతుంది, బీ కణాలు పెరుగుతాయి, యాంటీబాడీలు పెరుగుతాయి, వాటితో పాటు లూపస్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ముప్పులు పెరుగుతాయి. ఈ మార్పు సార్డీనియాలో 26.5 శాతం క్రోమోజోముల్లో ఉంది. ఇటలీ ప్రధాన భూభాగంలో 5.7, స్పెయిన్‌లో 4.9, బ్రిటన్, స్వీడన్‌లలో 1.8 శాతం. యూరప్ దాటితే ఇంచుమించు కనబడదు. సార్డీనియా వేల ఏళ్లపాటు మలేరియా నెలవు. 1946లో మొదలై 1950 దాకా సాగిన డీడీటీ పిచికారీతో గానీ అది పోలేదు. మలేరియా మీద పోరులో యాంటీబాడీలు ఎక్కువున్నవారు బతికారు, వారి పిల్లల్లో ఈ మార్పు పెరిగింది. దోమలు పోయాయి, మార్పు ఉండిపోయింది. విచిత్రంగా, ఈ సంగతి తెలియకముందే, 2011లోనే, బ్యాఫ్‌ను అడ్డుకునే బెలిముమాబ్ అనే మందు లూపస్ కోసం మార్కెట్‌లోకి వచ్చింది.

మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే కాబట్టి, మలేరియాతో అన్నింటినీ ముడిపెట్టాలన్న సరదా తెలుగువాడికి సహజంగానే ఉంటుంది. లూపస్‌కు ఇప్పటికీ మూలస్తంభంలాంటి మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా మలేరియా మందుల కుటుంబంలోదే. కానీ అది పనిచేసేది క్రిమి మీద కాదు, టీఎల్‌ఆర్7 లాంటి పసిగట్టే ప్రొటీన్లను నెమ్మదింపజేసి. అది కాకతాళీయం. మలేరియా వాదం కూడా పై రెండు మూడు జన్యువుల వరకే గట్టిగా నిలుస్తుందని నా అభిప్రాయం. వందకు పైగా ఉన్న చోట్లన్నింటికీ దోమనే కారణం చేయడం కథ చెప్పడమవుతుంది, శాస్త్రం కాదు. గ్రీన్‌వుడ్ చూసిన ‘అరుదు’ కూడా పూర్తిగా నిజం కాకపోవచ్చు. ఆఫ్రికా నగరాల్లో రుమటాలజీ క్లినిక్‌లు తెరుచుకున్నకొద్దీ లూపస్ రోగులు బయటపడుతున్నారు. ఢిల్లీ పల్లెల లెక్కకూ ఈ మాట వర్తిస్తుంది.

జబ్బు రావడం ఒకటి, వచ్చాక ఎటు పోతుందన్నది మరొకటి. ఆఫ్రికన్ అమెరికన్లలో లూపస్ కిడ్నీలను త్వరగా పాడుచేస్తుందని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. 2010లో ఏపీఓఎల్1 అనే జన్యువులో రెండు మార్పులు దొరికాయి. అవి పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవారిలోనే కనబడతాయి. నిద్రజబ్బు తెచ్చే పరాన్నజీవిని చంపే శక్తి వాటికి ఉంది. రెండు ప్రతులూ అలాంటివే ఉన్న లూపస్ రోగులకు కిడ్నీలు పూర్తిగా పోయే ముప్పు రెండు రెట్లు దాటింది. ఇవి లూపస్ జన్యువులు కావు. లూపస్ తాకిన కిడ్నీ తట్టుకోగలదా లేదా అన్నది నిర్ణయించే జన్యువులు. మన రోగికి ఈ మార్పులతో పని లేదు, కాబట్టి అమెరికా లెక్కల్ని తెచ్చి ఇక్కడి రోగి కిడ్నీ భవిష్యత్తు చెప్పడం కుదరదు.

జన్యువులకు లేని దోషం అంటగట్టకూడదన్న సంగతి లుమినా అనే పరిశీలన గుర్తుచేసింది. 1994లో అమెరికాలో మొదలైన ఆ పరిశీలన నల్లవారిని, తెల్లవారిని, టెక్సాస్ హిస్పానిక్‌లను, తర్వాత పోర్టోరికో వారిని ఏళ్ల తరబడి వెంబడించింది. హిస్పానిక్ అని ఒకే గడిలో పడేసే ఇద్దరిలో, ఆదివాసీ మూలాలు ఎక్కువున్న టెక్సాస్‌వారికి కిడ్నీ జబ్బు ఎక్కువ, పోర్టోరికోవారికి జబ్బు తేలిక. గడి ఒకటే, వంశాలు వేరు. చావుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం జాతికన్నా పేదరికమే గట్టిగా లెక్కలోకి వచ్చింది.

మరి మనం ఎక్కడున్నాం? 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 25 సమూహాల డీఎన్‌ఏను పరీక్షించారు. భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన మూలాల మిశ్రమమనీ, ఆ మిశ్రమం ఉత్తరాన ఒకలా దక్షిణాన ఒకలా ఉందనీ తేలింది. ఆ తర్వాత కులంలోపలే పెళ్లిళ్లు బిగుసుకుపోయాయి. 2017లో 260కి పైగా సమూహాలను చూసిన పత్రంలో తెలుగు రాష్ట్రాల వైశ్యుల ఉదాహరణ ప్రముఖంగా ఉంది. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించడం వల్ల, మత్తుమందుతో పాటు ఇచ్చే కొన్ని కండర సడలింపు మందుల్ని అరిగించే ఎంజైమ్ లోపం వారిలో మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. లూపస్‌తో దానికి సంబంధం లేదు. కానీ ‘దక్షిణాసియా’ అని ఒకే డబ్బాలో పోసిన లెక్క ఏ ఒక్క సమూహానికీ సరిపోదని చెప్పడానికి అదొక్కటి చాలు. బర్మింగ్‌హామ్ లెక్కలోని ‘ఆసియావారు’ ఏ పంజాబీలో, మీర్‌పూరీలో, గుజరాతీలో. వారి 47 గుంటూరుకు వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఈ మధ్య కొన్ని కంపెనీలు ఉమ్మిలోని డీఎన్‌ఏ చూసి ‘మీ ముప్పు ఇంత’ అని మార్కులు వేస్తున్నాయి. ఆ మార్కులకు ఆధారం ఎక్కువగా యూరప్ సమాచారమే. ఒక జనంలో తయారైన లూపస్ స్కోరు ఇంకో జనంలో పట్టు తప్పుతుందని చైనా, యూరప్ పోలికల్లోనే తేలింది. మనవారి జన్యు సమాచారం ఇప్పుడిప్పుడే పోగవుతోంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 సమూహాల నుంచి దాదాపు 10 వేల మంది పూర్తి జన్యురాశులను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఆరోగ్యవంతుల పట్టిక అది. దాని పక్కన పెట్టడానికి అన్ని వేలమంది లూపస్ రోగుల నమూనాలు, సమూహాల వారీగా, ఇంకా కావాలి. అప్పటిదాకా ఆ స్కోరు చూసి భయపడటానికీ ధైర్యపడటానికీ ఏమీ లేదు.

జన్యు పరీక్ష ఇప్పటికిప్పుడు ఉపయోగపడే చోటు ఒకటి మాత్రం ఉంది, అది మన ఇళ్లకు దగ్గరిది. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు దక్షిణాదిలో ఉత్తరాదికన్నా ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ ఒకే అరుదైన లోపాన్ని మోస్తుంటే పిల్లలకు రెండు ప్రతులూ చెడ్డవే రావచ్చు. అలాంటప్పుడు వందల చిన్న మార్పులు పోగవక్కర్లేదు, ఒక్క జన్యువే లూపస్ తెస్తుంది. సౌదీ అరేబియాలో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు జరిగిన కొన్ని కుటుంబాల్లో, చచ్చిన కణాల డీఎన్‌ఏను కత్తిరించే డీఎన్‌ఏస్1ఎల్3 అనే ఎంజైమ్ లేక చిన్న వయసులోనే పిల్లలకు లూపస్ వచ్చిందని 2011లో కనుగొన్నారు. ఇంకా పాతది, ఇంకా బలమైనది సీ1క్యూ లోపం. చెత్త ఎత్తివేతలో సీ4కన్నా ముందు మెట్టు అది. అది పూర్తిగా లేనివారిలో పదింట తొమ్మిదిమందికి లూపస్ గానీ దానిలాంటి జబ్బు గానీ వస్తుంది, ఆడామగా తేడా పెద్దగా లేకుండా. అయిదేళ్ల మగపిల్లాడికి లూపస్ లక్షణాలు, పదేపదే ఇన్ఫెక్షన్లు, తల్లిదండ్రులు మేనత్త మేనమామ బిడ్డలు అన్నప్పుడు పిల్లల డాక్టరు సీ1క్యూ, సీ4 లాంటి కాంప్లిమెంట్ ప్రొటీన్ల పరీక్షలు, ఆపై జన్యు పరీక్ష రాయాల్సిందే. ఎందుకంటే ఇక్కడ వైద్యం కూడా మారుతుంది. సీ1క్యూను తయారుచేసేది ఎముక మజ్జ నుంచి పుట్టే కణాలు. దాతల రక్తం నుంచి తీసిన తాజా ప్లాస్మా ఎక్కిస్తే లేని ప్రొటీన్ కొంతకాలం అందుతుంది. ఒప్పే దాత దొరికి మజ్జ మార్పిడి చేస్తే ఒంట్లోనే తయారవడం మొదలవుతుంది, అలా కోలుకున్న పిల్లలున్నారు.